మూత్రపిండ మార్పిడి పొందిన పిల్లలు పెద్దలగు వేళ

(పంచాయతీ సభ్యులకు పాఠము)

నారుమడిలో పెరిగిన నారును పొలములో నాటుట ప్రతి రైతునకు తెలిసిన పని. నారు ఎంత ఏపుగా పెరిగినను, పీకి నాటిన ఆ కొద్ది దినములు దానికి గండమే. వేరు తెగకుండ పీకవలెను. పీకిన నారు వాడిపోకుండ చూడవలెను. నాటబోవు మడిని ముందుగనే దమ్ము చేసి సిద్ధపరచవలెను. నాటిన పిమ్మట నీరు తప్పకుండ కనిపెట్టుచుండవలెను. వీనిలో ఏ యొక్కటి లోపించినను నారుమడిపై పడిన శ్రమ వృథా యగును.

మనుష్యులలో కూడ ఇట్టి గండము ఒకటి కలదు. చిన్నతనమున మూత్రపిండములు చెడిపోయి, మరియొకరి మూత్రపిండమును పొంది బ్రతికిన పిల్లలు, యౌవనమునకు వచ్చినప్పుడు పిల్లల వైద్యుని విడిచి పెద్దల వైద్యుని వద్దకు వెళ్ళవలసియుందురు. ఆ మార్పు కాలమే వారికి గండము. ఇన్నేండ్లు చక్కగ పనిచేసిన మూత్రపిండము ఆ రెండు మూడేండ్లలో చెడిపోవుట పెక్కు దేశములలో వైద్యులు గమనించిరి.

"ఇది ఆస్పత్రివారి విషయము గదా, పంచాయతీకి దీనితో నేమి పని?" అని మీకు తోచవచ్చును. రాజ్యాంగమునకు 1992లో జరిగిన 73వ సవరణ పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిలో ఆరోగ్యము ఒకటి. అంతకంటె ముఖ్యమైన సంగతి మరియొకటి గలదు. ఆ పిల్లవాడు ఆస్పత్రిలో గడపునది ఏడాదికి కొద్ది దినములే. మిగిలిన దినములన్నియు అతడు గడపునది మన వీధిలో, మన బడిలో, మన బంధువుల నడుమ. మందు వేసికొనుటయు, మానుటయు జరుగునది ఇచ్చటనే.

మూత్రపిండము చేయు పని

మన వీపు వెనుక, వెన్నెముకకు ఇరుప్రక్కల, పిడికిలి యంత పరిమాణము గల రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్క దానిలో దాదాపు 10 లక్షల సూక్ష్మమైన జల్లెడలు ఉండును. పెద్దవారి శరీరమున దినమునకు సుమారు 180 లీటర్ల ద్రవము ఈ జల్లెడల గుండ వడపోయబడును. అందులో లీటరున్నర, రెండు లీటర్లు మాత్రము మూత్రముగా వెలువడి, మిగిలినది తిరిగి రక్తమున చేరును. రక్తపు పోటును అదుపులో నుంచుట, రక్తము వృద్ధియగుటకు తోడ్పడుట, ఎముకలకు బలమిచ్చుట కూడ ఈ అవయవముల పనులే.

పిల్లలలో ఇవి చెడిపోవుటకు కారణములు పెక్కు. కొందరికి పుట్టుకతోనే మూత్రమార్గమున అడ్డు ఉండును. కొందరికి మూత్రములో మాంసకృత్తులు పోవుచు ఒడలు ఉబ్బు వ్యాధి ముదిరి మందులకు లొంగకుండును. రెండు మూత్రపిండములును పూర్తిగా చెడినచో డయాలిసిస్ యంత్రము పైన గాని, మార్పిడి చేసిన మూత్రపిండము పైన గాని ఆధారపడవలసినదే. ఎదుగు పిల్లలకు మార్పిడియే మేలైన మార్గము. డయాలిసిస్ పైనున్న బిడ్డ ఎదుగుదల కుంటుపడును, చదువు చెడును.

మార్పిడి చరిత్ర

1954 డిసెంబరులో అమెరికాలోని బోస్టన్ నగరమున డాక్టరు జోసెఫ్ మర్రే బృందము మొట్టమొదటిసారిగా మూత్రపిండ మార్పిడిని జయప్రదముగా నిర్వహించినది. ఇచ్చినవాడును, పుచ్చుకొన్నవాడును ఒకే పోలికగల కవలలు. అందుచేత శరీరము క్రొత్త అవయవమును పరాయిదిగా ఎంచలేదు. ఈ కృషికి మర్రేకు 1990లో నోబెల్ బహుమానము లభించినది. మన దేశమున 1971లో వెల్లూరులోని క్రైస్తవ వైద్య కళాశాలలో ఈ చికిత్స విజయవంతముగ జరిగినది.

అవయవముల క్రయవిక్రయములను నిషేధించుచు 1994లో కేంద్ర శాసనము వచ్చినది. తల్లిదండ్రులు, తోబుట్టువులు, భార్యాభర్తలు, సంతానము మొదలగు దగ్గరి బంధువులు ఇయ్యవచ్చును. 2011 సవరణతో తాతలు, అవ్వలు కూడ ఈ జాబితాలో చేరిరి. మెదడు మరణించినట్లు నిర్ధారింపబడిన వ్యక్తి కుటుంబము అంగీకరించినచో ఆ అవయవములను జీవన్‌దాన్ పథకము ద్వారా వరుస క్రమమున రోగుల కిత్తురు. ఐనను, పిల్లల విషయమున మూత్రపిండ మిచ్చునది తరచుగ కన్నతల్లియే. బిడ్డకు రెండవమారు జన్మ నిచ్చినట్టి ఆ తల్లి యిచ్చిన అవయవమును కాపాడుటయే మన ఈ పాఠము యొక్క ఉద్దేశము.

మందు ఏల మానరాదు?

కవలల మాట విడిచినచో, పరాయి అవయవమును శరీరము శత్రువుగా భావించి దానిపై దాడి చేయును. ఈ దాడిని అణచి యుంచుటకే మందులు. సామాన్యముగ టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ అను మూడింటిని వాడుదురు. టాక్రోలిమస్ మాత్రలు సాధారణముగా 12 గంటల కొకసారి వేసికొనవలెను. రక్తములో దీని మోతాదు తక్కువైనచో శరీరము అవయవమును తిరస్కరించును. ఎక్కువైనచో అదే మందు మూత్రపిండమునకు హాని చేయును. అందుచే తరచుగ రక్తపరీక్ష చేయింతురు. పరీక్ష దినమున రక్తము తీయించుకొన్న పిమ్మటనే ఉదయపు మాత్ర వేసికొనవలెను. ఈ మందులు అవయవము పనిచేయునంత కాలమును వాడవలసినవే.

ఇచ్చటనే మోసమున్నది. జ్వరపు మందు మానినచో మరునాడే జ్వరము తిరుగబెట్టును, తప్పు తెలియును. ఈ మందు రెండు పూటలు తప్పినను ఏమియు తెలియదు. నొప్పి లేదు, వాపు లేదు. "మానినను బాగుగనే యున్నాను గదా" అని పిల్లవాడు తలచును. లోపల మాత్రము నిశ్శబ్దముగా నష్టము జరుగుచుండును. రక్తములో క్రియాటినిన్ పెరిగినట్లు పరీక్షలో బయటపడునప్పటికి కొంత నష్టము మరల పూడ్చరానిదై యుండును.

గండమునకు కారణములు

అమెరికాలో చిన్నతనమున మార్పిడి పొందినవారి లెక్కలను పరిశీలించి 2011లో ప్రకటించిన ఫలితములను బట్టి, అమర్చిన మూత్రపిండము చెడిపోవుట 17 నుండి 24 సంవత్సరముల వయస్సులో మిక్కిలి హెచ్చు. ఏల? ఆస్పత్రి మారుట ఒక్కటే కారణము కాదు. ఆ వయస్సే అట్టిది.

ఒక కుటుంబమును ఊహించుకొందము. ఎనిమిదేండ్ల బాలునకు తల్లి తన మూత్రపిండము నిచ్చినది. పదేండ్లపాటు ఉదయము ఎనిమిది గంటలకు, రాత్రి ఎనిమిది గంటలకు ఆమెయే మాత్ర తీసి నోటి కందించినది. ఆస్పత్రికి తీసికొనిపోయినది ఆమె. వైద్యుడు ప్రశ్నలడిగినది ఆమెను. చీటీలు దాచినది ఆమె. పిల్లవానికి తన మందుల పేర్లయినను తెలియవు. ప్రేమ చేతనే జరిగినను ఇది ఒక లోపము.

పదునెనిమిదవ ఏట మూడు మార్పులు ఒకేసారి వచ్చినవి. అతడు పట్టణములో కళాశాల వసతిగృహమున చేరినాడు. పిల్లల విభాగమువారు "నీవిక పెద్దవాడవైతివి" అని ఒక చీటీ వ్రాసి పెద్దల విభాగమునకు పంపినారు. అచ్చట పెద్ద వరుస. తెలిసిన ముఖము ఒక్కటియు లేదు. తన కథ మొదటినుండి చెప్పుమన్నారు. అతనికి చెప్పుట చేత కాలేదు. ఇంతలో తోటి విద్యార్థులు "ఈ మాత్రలేమిటి?" అని అడుగజొచ్చిరి. ప్రెడ్నిసోలోన్ వలన ముఖము గుండ్రముగ ఉబ్బుట, మొటిమలు లేచుట అతనికి సిగ్గు కలిగించినవి. మొదట రాత్రి మాత్ర తప్పినది. తరువాత ఒక నెల పరీక్ష తప్పినది. సంక్రాంతికి ఇంటికి వచ్చినప్పుడు కాళ్ళ వాపును తల్లి చూచినది. అప్పటికి ఆలస్యమైనది.

ఇందులో దుర్మార్గులెవ్వరును లేరు. తల్లి తన ధర్మము నెరవేర్చినది. పిల్లల వైద్యుడు తన నియమము పాటించినాడు. పెద్దల వైద్యుడు తన వరుస చూచుకొన్నాడు. లోపించినది ఒక్కటే. ఒక చేతినుండి మరియొక చేతికి అందించు పని ఎవ్వరి వంతును కాలేదు.

ఆక్స్‌ఫర్డు వైద్యులు నేర్పిన పాఠము

ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరపు వైద్యులకు ఇదే అనుభవము కలిగినది. అచ్చట 2000 నుండి 2006 వరకు పెద్దల విభాగమునకు నేరుగా పంపబడిన 9 మంది యువకులలో 6 గురి మూత్రపిండములు చెడిపోయినవి. 2006లో వారు పద్ధతి మార్చిరి. పిల్లల వైద్యుడు, పెద్దల వైద్యుడు ఇరువురును కలసి కూర్చుండి ఒకే గదిలో యువకులను చూడసాగిరి. కొంత కాలమునకు ఆ వైద్యసభను ఆస్పత్రి నుండి విద్యార్థులు తిరుగాడు కళాశాలకు, ఆటస్థలమునకు మార్చిరి. అదే వ్యాధి గల తోటివారితో మాటలాడు అవకాశము కల్పించిరి. యువజనులతో కలసి పనిచేయుటలో అనుభవము గల కార్యకర్త నొకరిని నియమించిరి. ఆ తరువాత 2010 వరకు ఈ మార్గమున వచ్చిన 12 మందిలో ఒక్కరి మూత్రపిండమును చెడలేదు. డాక్టరు పాల్ హార్డెన్, ఆయన సహచరులు 2012లో ఈ ఫలితములను ప్రకటించిరి.

ఈ సంఖ్యలు చిన్నవి. వీనిని బట్టియే అంతయు తేలినదని చెప్పరాదు. ఐనను కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో కూడ ఇట్టి ప్రత్యేక వైద్యసభ వలన మేలు కలిగినట్లు అదే సంవత్సరమున ప్రకటింపబడినది. గమనింపవలసిన సంగతి యేమనగా, ఈ మార్పునకు క్రొత్త మందు గాని, గొప్ప యంత్రము గాని అవసరము కాలేదు. కావలసినవి ముందుచూపు, పరిచయము, ఓపిక.

మార్పు ఏ విధముగ జరుగవలెను?

మూత్రపిండ వైద్యుల అంతర్జాతీయ సంఘమును, పిల్లల మూత్రపిండ వైద్యుల అంతర్జాతీయ సంఘమును కలసి 2011లో ఈ విషయమున సలహాలు ప్రకటించినవి. ఇంత వయస్సు నిండగనే పంపవలెనను నియమము తగదనియు, ఆ యువకుని సంసిద్ధతను చూచి పంపవలెననియు వాని సారాంశము. మన దేశమున పిల్లల విభాగపు వయఃపరిమితి ఒక్కొక్క ఆస్పత్రిలో ఒక్కొక్క విధముగ నున్నది. కాబట్టి ఆ పరిమితి ఎంతయో కుటుంబము ముందుగనే అడిగి తెలిసికొనవలెను. సాధారణముగ ఈ క్రమము మంచిది.

12 నుండి 14 ఏండ్ల వరకు: బిడ్డ తన వ్యాధి పేరును, మందుల పేర్లను, అవి వేసికొను వేళలను నేర్చుకొనవలెను. తల్లి ఎదుట తానే మాత్ర తీసి వేసికొనవలెను.

15 నుండి 16 ఏండ్ల వరకు: వారమునకు సరిపడు మందులను దినముల వారీగ గళ్ళ పెట్టెలో తానే సర్దుకొనవలెను. వైద్యునితో కొంతసేపు తల్లిదండ్రులు లేకుండ మాటలాడవలెను. తన క్రియాటినిన్ ఎంత, రక్తపు పోటు ఎంత అని అడుగగనే చెప్పగలిగియుండవలెను.

17 ఏండ్లు మొదలు: పెద్దల వైద్యుని ఒకటి రెండుసార్లు ముందుగ కలిసికొనవలెను. మార్పిడి జరిగిన తేది, మందుల మోతాదులు, ఇటీవలి పరీక్షలు, గతములో వచ్చిన చిక్కులు గల సంగ్రహ పత్రమును పిల్లల వైద్యునిచే వ్రాయించుకొనవలెను. ఆస్పత్రి మారునప్పుడు మందుల సరఫరా కూడ తెగకుండ క్రొత్తచోటికి మారునట్లు చూడవలెను.

పరీక్షల కాలమున గాని, జబ్బుగా నున్నప్పుడు గాని, ఇంట కష్టము కలిగినప్పుడు గాని ఈ మార్పు చేయరాదు. ముదురు ఎండలో నారు నాటుట యెట్టిదో ఇదియు నట్టిదే. మార్పు జరిగిన పిమ్మట కూడ తల్లి ఒక్కసారిగ చేయి విడువరాదు. మాత్ర నోటి కందించుట మానవలెనే గాని, "వేసికొంటివా నాయనా?" అని అడుగుట మానరాదు.

ఆడపిల్లల విషయము

మన సంఘములో ఆడపిల్లకు ఈ గండము వివాహముతో కూడి వచ్చును. మార్పిడి జరిగిన సంగతి దాచి పెండ్లి చేసినచో ఆమె అత్తవారింట చాటుగ మాత్రలు వేసికొనవలసి వచ్చును. చాటుగ చేయు పని త్వరలోనే ఆగిపోవును. కనుక సంబంధము కుదుర్చుకొనక ముందే ఇరువైపుల పెద్దలును ఈ సంగతి నెరిగి యుండుట న్యాయము, క్షేమము.

మార్పిడి పొందిన స్త్రీలు తల్లులు కావచ్చును. 1958 నుండియు అట్టివారు బిడ్డలను కనుచునే యున్నారు. కాని మైకోఫినోలేట్ అను మందు గర్భస్థ శిశువునకు కీడు చేయును. వైద్యుడు ముందుగ దానిని మార్చిన పిమ్మటనే గర్భము ధరింపవలెను. మార్పిడి జరిగిన తరువాత కనీసము ఒక సంవత్సరమైనను గడువవలెను. ఆమె తనంత తాను ఏ మందును మానరాదు.

పంచాయతీ సభ్యులు చేయదగిన పనులు

1. మీ గ్రామమున అట్టి బిడ్డ యున్నచో ఆ కుటుంబమును ఇంటికి వెళ్ళి పలుకరింపుడు. వారి యనుమతి లేక ఈ సంగతిని సభలో ప్రస్తావింపరాదు. జాలి చూపుట పేరిట బిడ్డను పదిమందిలో చూపించుట అపకారము.

2. ఆశా కార్యకర్తకును, ఏ.ఎన్.ఎం.కును ఆ కుటుంబముతో పరిచయము కల్పింపుడు. రక్తపరీక్ష తేది, ఆస్పత్రి తేది తప్పకుండ ఒకరు కనుక్కొనుచుండవలెను.

3. గ్రామములోని ఆర్.ఎం.పి. వైద్యులకు, మందుల దుకాణదారులకు ఒక సంగతి తెలుపుడు. డైక్లోఫినాక్, ఇబుప్రొఫెన్ వంటి నొప్పి మందులు ఈ పిల్లలకు హానికరములు. క్షయకు వాడు రిఫాంపిసిన్ టాక్రోలిమస్ బలమును తగ్గించును. ఎరిత్రోమైసిన్ వంటివి పెంచును. నాటుమందులును ప్రమాదకరములు కావచ్చును. మార్పిడి చేసిన ఆస్పత్రిని ఫోనులో అడుగక ఏ మందును ఇయ్యరాదు. ఒక కంపెనీ మాత్రకు బదులు మరియొక కంపెనీ మాత్ర నిచ్చుట కూడ కూడదు. పంపరపనస పండు సయితము టాక్రోలిమస్‌ను రక్తములో పెంచును గనుక తినరాదు.

4. జ్వరము, వాంతులు, విరేచనములు, మూత్రము తగ్గుట, కాళ్ళ వాపు, మూత్రపిండము అమర్చినచోట నొప్పి కనబడినచో అదే దినమున ఆస్పత్రికి చేర్చుటకు వాహనము ఏర్పాటు చేయింపుడు.

5. బడి ప్రధానోపాధ్యాయునితో, వసతిగృహాధికారితో మాటలాడి, త్రాగుటకు మంచినీరు, మందు వేళకు అవకాశము, పరీక్ష దినములకు సెలవు లభించునట్లు చూడుడు.

6. 2007లో ఉమ్మడి రాష్ట్రమున ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము నేడు తెలంగాణమున రాజీవ్ ఆరోగ్యశ్రీగను, ఆంధ్రప్రదేశమున డాక్టర్ ఎన్.టి.ఆర్. వైద్యసేవగను నడచుచున్నది. ఆస్పత్రులలో ఉండు ఆరోగ్యమిత్రను కలిసికొని, బిడ్డకు 18 ఏండ్లు నిండిన పిమ్మట ఏ కాగితములు మారవలెనో కనీసము ఆరు నెలలు ముందుగ తెలిసికొనునట్లు కుటుంబమునకు తోడ్పడుడు. ఆంధ్రప్రదేశమున మార్పిడి పొందినవారికి గల నెలసరి పింఛను 2024లో 10,000 రూపాయలకు పెంచబడినది. అర్హులు దరఖాస్తు పెట్టుకొనునట్లు చూడుడు.

7. మూత్రపిండ మిచ్చిన తల్లిని మరువకుడు. ఒక మూత్రపిండముతో ఆమె సామాన్య జీవితము గడుపవచ్చును. ఐనను ఏడాది కొకసారి రక్తపు పోటు, రక్తము, మూత్రము పరీక్ష చేయించుకొనవలెను.

ముగింపు

ఇట్టి బిడ్డ మీ గ్రామమున ఒక్కడే ఉండవచ్చును, అసలే లేకపోవచ్చును. ఒక్కనికై ఇంత శ్రమ ఏల యని అనుకొనవలదు. చిన్ననాటి మధుమేహము, గుండెజబ్బు, తలసీమియా, మూర్ఛ గల పిల్లలు కూడ పెరిగి పెద్దలై ఇదే విధముగ ఒక వైద్యుని విడిచి మరియొక వైద్యుని చేరవలసియున్నది. ఒక్కని దాటించుట నేర్చిన గ్రామమునకు తక్కినవారిని దాటించుట తెలియును. ఒక తల్లి తన దేహమునుండి ఒక భాగమును కోసి యిచ్చినది. వైద్యులు దానిని అమర్చినారు. ప్రభుత్వము ధనము వెచ్చించినది. మిగిలినది ఉదయము ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. అది తప్పకుండ చూచుట మన వంతు.

చర్చకు ప్రశ్నలు

1. మందు మానిన వెంటనే బాధ కలుగకపోవుట ఏల ప్రమాదకరము?

2. ఆక్స్‌ఫర్డులో 2006 తరువాత చేసిన మార్పులలో మన జిల్లా ఆస్పత్రిలో సాధ్యమగునవి ఏవి?

3. మన గ్రామమునుండి వసతిగృహములకు వెళ్ళిన పిల్లలలో నిత్యము మందు వాడవలసినవారు ఎందరు? వారిని కనిపెట్టియుండువా రెవరు?

4. కుటుంబము యొక్క గుట్టు చెడకుండ సహాయము చేయుటకు మన పంచాయతీ పాటింపవలసిన పద్ధతి యేది?